22 సెంట్ల పిక్సెల్: ఉద్దానం తోటల మీద ఒక హైపర్‌స్పెక్ట్రల్ కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక తోటలో నిలబడి, ఒక పిక్సెల్‌లో ఏమేమున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టాను. కొబ్బరి చెట్లు 13, వాటిలో ఐదు ఇంకా కాపుకి రానివి. జీడి చెట్లు నాలుగు. ముదురు పనస ఒకటి. గట్టు మీద రెండు మునగ. ఒక మూల కంద, దాని పక్కన పసుపు. ఎండుటాకు పడని చోటల్లా తెల్లటి ఇసుక. ఉపగ్రహ చిత్రం నుంచి మేం చేసిన మ్యాప్‌లో ఆ పిక్సెల్ మీద మాత్రం "జీడి" అని ఒక్క మాట రాసి ఉంది.

ప్రిస్మా ఉపగ్రహానికి కనబడే ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. ఉద్దానంలో 22 సెంట్లంటే ఒక ఇంటి కూరా నారా కూడా పండే జాగా. అంత జాగాకి ఒకే పేరు పెట్టాలని బయల్దేరాం. అక్కడే తప్పు మొదలైంది గానీ, అది తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పని ఏమిటి

ఒక సంస్థకి ఉద్దానంలో కొబ్బరి ఎక్కడుంది, జీడి ఎక్కడుంది, సరుగుడు ఎక్కడుంది అన్నది విడివిడిగా కావాలి. తుపానుకి ముందు ఏముందో కాగితం మీద లేకపోతే, తుపాను తర్వాత ఏం పోయిందో ఎవరూ తేల్చలేరన్నది వాళ్ళ వాదన. న్యాయమైన వాదనే. 2013లో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది, 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ నేరుగా పలాస దగ్గరే ఒడ్డెక్కింది. ఆ రాత్రి సంగతి సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎవరినడిగినా గంట చెబుతారు.

ఇప్పటికే ఉన్న మ్యాపులు ఈ పనికి చాలవు. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ళ 1:50,000 స్కేలు భూవినియోగ మ్యాపుల్లో కొబ్బరీ జీడీ రెండూ తోటల కిందే ఒకే రంగులో ఉంటాయి. అది వాళ్ళ తప్పు కాదు, ఆ మ్యాపు చేసిందే వేరే అవసరానికి. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం ఉచితం, కొన్ని బ్యాండుల్లో (అంటే వెలుగుని విడగొట్టిన పట్టీల్లో) 10 మీటర్ల వివరం, ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. కానీ దానికున్నవి 13 బ్యాండులు. జనవరిలో ఉద్దానాన్ని వాటిలో చూస్తే ఇచ్ఛాపురం నుంచి కిందికి పచ్చటి తివాచీ పరిచినట్టుంటుంది, అంతే.

అందుకని హైపర్‌స్పెక్ట్రల్ అనుకున్నాం. మామూలు ఉపగ్రహం వెలుగుని నాలుగు గంపల్లో పోస్తే ఇది రెండొందల చిన్న గిద్దెల్లో పోస్తుంది. ఆకులో పచ్చదనం ఎంత, నీరెంత, ఎండిన పీచు ఎంత అన్నవి ఒక్కోటి ఒక్కో గిద్దెలో తేడా చూపిస్తాయి. మన ఇస్రో కూడా 2018 నవంబరు 29న పీఎస్ఎల్‌వీ సీ43 మీద హైసిస్‌ని పంపింది. నాకు మాత్రం అందుబాటులో ఉన్నది ఇటలీ అంతరిక్ష సంస్థ 2019 మార్చిలో పంపిన ప్రిస్మా. వెలుగు తరంగాల పొడవులో 400 నుంచి 2500 నానోమీటర్ల దాకా దాదాపు 240 బ్యాండులు, 30 కిలోమీటర్ల వెడల్పు. నాసా వాళ్ళ పాత హైపర్‌స్పెక్ట్రల్ సెన్సర్ హైపీరియన్‌తో పని చేసిన వాళ్ళకి ఈ వెడల్పు విలువ తెలుస్తుంది. దాని చార 7.7 కిలోమీటర్లే. సోంపేట వస్తే కవిటి రాదు, కవిటి వస్తే కంచిలి రాదు.

మబ్బు లేని ఫ్రేమ్ కోసం ఎదురుచూడటమే మొదటి పరీక్ష. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, తర్వాత రెండు నెలలు తుపాన్ల మబ్బు. మాకు మిగిలేది డిసెంబరు నుంచి మార్చి. చివరికి సంక్రాంతి రోజుల్లో తీసిన ఒక చిత్రం దొరికింది. ఉదయం పదిన్నర ప్రాంతంలో తీసింది, అప్పటికి పొగమంచు విడిపోయింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి వైపు కొండలు, మధ్యలో మాకు కావలసిన ఉద్దానం. నౌపడ ఉప్పుమళ్ళు ఫ్రేములోకి రాలేదు. వచ్చుంటే బాగుండేది. ఉప్పు కన్నా ముందు పేరుకునే జిప్సమ్‌కి 1750 నానోమీటర్ల దగ్గర వెలుగు గ్రాఫులో ఒక చక్కటి గుంట ఉంటుంది, అది చూడాలని నా సరదా. జీతం ఇచ్చేవాళ్ళు సరదాలకి ఇవ్వరు కదా.

తీరం ఎక్కడికి జరిగింది

చిత్రం తెరవగానే చెయ్యాల్సిన పని ఒకటుంది, నేను చెయ్యలేదు. తెలిసిన గీతలు తెలిసిన చోటే ఉన్నాయా అని చూడాలి. నేను నేరుగా బ్యాండుల మీద పడ్డాను. నాలుగు రోజుల తర్వాత సెంటినెల్ చిత్రం మీద దీన్ని పరిచి చూస్తే అలలు విరిగే గీత సరుగుడు తోటలో ఉంది. హైవే పక్కనున్న చెరువు హైవేని దాటేసింది. ఐదారు పిక్సెళ్ళ జరుగుడు, అంటే 150 మీటర్ల పైమాటే.

ప్రిస్మాకి ఇది కొత్త జబ్బు కాదు. నేల మీది గుర్తులతో సరిచేయని చిత్రంలో 200 మీటర్ల దాకా తేడా ఉండొచ్చని వాళ్ళే చెబుతారు. 200 మీటర్లంటే ఉద్దానంలో మధ్యలో నాలుగు తోటలు, రెండు ఇళ్ళు, ఒక గుడి ఉంటాయి. నా జీపీఎస్ పాయింటు జీడిలో ఉంటే దానికి అంటుకున్న స్పెక్ట్రమ్, అంటే ఏ బ్యాండులో ఎంత వెలుగో చెప్పే గ్రాఫు, పక్కవాళ్ళ కొబ్బరిది. సెంటినెల్‌ని ఆధారంగా పెట్టుకుని చిత్రం మొత్తాన్ని జరిపి, ఒక పిక్సెల్ లోపు తేడాకి తెచ్చాక గానీ మిగతా పని మొదలుపెట్టకూడదు. నేను మొదలుపెట్టేశాను, అందుకే వారం పని చెత్తబుట్టలో పడింది.

ఇంకో చిన్న చిక్కు శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. 84 డిగ్రీల తూర్పు రేఖ ఈ జిల్లా మధ్యలోంచి పోతుంది. భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కొలిచే యూటీఎం పద్ధతిలో శ్రీకాకుళం టౌను 44వ జోన్‌లో ఉంటే, నరసన్నపేట దాటి టెక్కలి, పలాస, సోంపేట వైపంతా 45వ జోన్. టౌన్లో ఆఫీసు పెట్టుకుని 44లో సేవ్ చేసిన ఫైలుని 45 అనుకుని తెరిస్తే పాయింట్లన్నీ వందల కిలోమీటర్ల అవతల, సముద్రంలో తేలతాయి. ఇది ఒక రకంగా నయం. అంత పెద్ద తప్పు వెంటనే కనబడుతుంది. ఐదు పిక్సెళ్ళ తప్పే మాట్లాడకుండా కూర్చుంటుంది.

మొదటి మ్యాపు, మొదటి ఆనందం

బ్యాండులు ఏరడం మీద ఎక్కువ చెప్పను, ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. 1350–1450, 1800–1950 మధ్య గాలిలో ఉన్న నీటి ఆవిరి వెలుగుని మింగేస్తుంది, అవి తీసేశాను. 2400 దాటాక వచ్చేదంతా గోలే (నాయిస్). రెండు సెన్సర్లు కలిసే 920–1010 మధ్య డబుల్‌గా వచ్చినవాటిలో ఒకటి ఉంచాను. 170 చిల్లర బ్యాండులు మిగిలాయి. వాటిని ఎంఎన్‌ఎఫ్ పద్ధతిలో కుదించాను. గోల తక్కువున్న సమాచారం ముందుకొస్తుంది, గోల వెనక్కి పోతుంది. మూడో భాగంలో చిత్రమంతా నిలువు చారలు, దువ్వెనతో గీసినట్టు. సెన్సర్ చారలవి. దాన్ని పక్కన పడేసి, మొదటి 15 భాగాల్లో మిగిలినవే తీసుకున్నాను.

ఇలా కుదించడం ఎందుకంటే, కంప్యూటర్‌కి నేర్పించడానికి నా దగ్గరున్న, ఏది ఏ పంటో తెలిసిన పాయింట్లు కొద్ది. బ్యాండులు పెరిగితే పని సులువవుతుందనుకుంటాం. కానీ పాయింట్లు పెరగకుండా బ్యాండులు మాత్రమే పెంచితే ఒక హద్దు దాటాక ఫలితం పడిపోతుందని హ్యూస్ అనే ఆయన 1968లోనే చూపించాడు.

తరగతులు ఎనిమిది: కొబ్బరి, జీడి, సరుగుడు, కోసిన వరి పొలం, అపరాలు, ఇసుక, నీళ్ళు, ఊళ్ళు. నేర్పించడానికి కావలసిన హద్దులు పని ఇచ్చినవాళ్ళే పంపారు. ఎవరో ఏసీ గదిలో కూర్చుని గూగుల్ ఎర్త్ చూస్తూ గీసినవి. గీతలు చాలా నున్నగా ఉన్నాయి. అంత నున్నగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాలి. పిక్సెళ్ళన్నిటినీ కలిపి, గిలక్కొట్టి, 70 శాతం నేర్పించడానికి, 30 శాతం పరీక్షకి తీశాను. తరగతులు విడదీసే ఎస్‌వీఎం ఆల్గారిథమ్ పెట్టి నడిపించాను. నూటికి 90 పైన వచ్చింది.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేశాను. అది నా రెండో తప్పు, మొదటిదాని కన్నా పెద్దది. అవతలివాళ్ళు ఆ అంకెని వాళ్ళ పైవాళ్ళకి పంపారు. ఒకసారి పైకెళ్ళిన అంకె కిందికి దిగదు. తర్వాత రెండు నెలలు నాకున్న టెన్షన్ అంతా ఆ ఫోన్ కాల్‌దే.

"తోటంటే తోటే"

మ్యాపు ప్రింటు తీసుకుని, ఒక కుర్రాణ్ణి తోడు పెట్టుకుని కవిటి, సోంపేట, కంచిలి తిరిగాను. పిక్సెల్ నాలుగు మూలలూ జీపీఎస్‌తో పట్టి తాడు కట్టేవాళ్ళం. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ ఎనిమిది, పది మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, చుట్టుపక్కల ఒకే రకంగా ఉన్న చోట్లే ఎంచుకుందామనుకున్నాం. అలాంటి చోట్లు దొరకలేదు. అసలు సంగతి అప్పుడే అర్థం కావాలి, ఇంకో రోజు పట్టింది.

మూడో రోజు, మొదట చెప్పిన ఆ తోట యజమాని వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో కత్తి.

"ఏటి బాబూ, మూడ్రోజులై తోటల్లో తాళ్ళేసి కొలుస్తున్నారు. రోడ్డేటైనా పడతాదా?"

"రోడ్డు కాదు మావయ్యా. పైనించి తీసిన ఫొటోలో మీ తోట ఏ తోటో తెలుసుకోవాలి."

"దానికి పైకెళ్ళడం ఎందుకు, అడిగితే నాను సెప్పనా?"

"సరే, చెప్పండి. ఇది కొబ్బరి తోటా, జీడి తోటా?"

"తోట."

"అంటే?"

"తోటంటే తోటే. కొబ్బరున్నాది, జీడున్నాది, పనసున్నాది. ఒక్కటే ఏసుకుంటే తుపానొచ్చి ఒక్కసారే పోతాది గదా. తిత్లీకి కొబ్బరి పోనాది, కింద జీడి కొన్ని మిగిలినాయి. అయ్యే ఆ రెండేళ్ళూ కూడెట్టినాయి."

కత్తితో ఒక బొండం కొట్టి చేతిలో పెట్టాడు. అది తాగుతూ నేను ఆ పిక్సెల్‌లోని చెట్లు లెక్కపెట్టాను. ఐదు చిన్న కొబ్బరి మొక్కలు తిత్లీలో విరిగిన చెట్ల గోతుల్లోనే నాటినవట. వాటి మట్టలు ఇంకా విచ్చుకోలేదు, చుట్టూ ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఆ ఇసుక మెరుపూ, పక్కన గుబురుగా ఉన్న జీడి పచ్చదనమూ కలిసి పైనున్న సెన్సర్‌కి వెళ్తున్నాయి. పెద్ద కొబ్బరి చెట్టు మట్టల మధ్య సందులెక్కువ, వెలుగు కిందికి జారుతుంది. జీడి చెట్టు గొడుగు పట్టినట్టు కప్పేస్తుంది. చెట్ల లెక్కలో కొబ్బరి ఎక్కువైనా వెలుగు లెక్కలో జీడి గెలిచింది. మ్యాపు పచ్చి అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నే తప్పు.

జనం కొబ్బరిని చెట్లలో లెక్కపెడతారు, సెన్సర్ గొడుగుల్ని లెక్కపెడుతుంది. ఈ రెండిటి మధ్య తేడా ఎక్కడా రాసుకోకుండా "కొబ్బరి ఇంత" అని ఒక అంకె ఇచ్చుంటే, రేపు తుపాను తర్వాత ఈయన 13 చెట్లూ ఆ లెక్కలో ఉండేవి కావు.

90 ఎలా వచ్చింది మరి

తిరిగొచ్చాక దీని మీదే కూర్చున్నాను. అన్ని చోట్ల తప్పే కనబడుతుంటే పరీక్షలో 90 పైన మార్కులు ఎలా వచ్చాయి?

ఈ రంగంలో అందరూ మొదట సాధన చేసే డేటా ఒకటుంది, ఇండియన్ పైన్స్. 1992లో అమెరికాలోని ఇండియానాలో విమానం మీంచి అవిరిస్ సెన్సర్‌తో తీసింది. 145 వరసలు, 145 నిలువులు, 16 తరగతులు. చదువుకునేటప్పుడు నేనూ దాని మీద 95, 97 తెచ్చి మురిసిపోయినవాణ్ణే. అక్కడ మొక్కజొన్న చేను అంటే పెద్ద చదరం, లోపలంతా మొక్కజొన్నే. ఆ చేను మధ్యలో ఒక పిక్సెల్ నేర్పించడానికి తీసి, దాని పక్క పిక్సెల్‌ని పరీక్షకి పెడితే పక్కవాడి పేపరు చూసి రాసినట్టే. పైగా సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెలుగు కొంత పక్క పిక్సెల్‌లోకి కారుతుంది. రెండూ వేరు వేరు సాక్ష్యాలని అనుకోవడమే పొరపాటు.

నేను చేసింది సరిగ్గా అదే. ఒకే తోటలోని పిక్సెళ్ళు అటూ ఇటూ పడ్డాయి. మోడల్ "జీడి ఎలా ఉంటుంది" అని నేర్చుకోలేదు, "ఆ గీసిన నలభై తోటలు ఎలా ఉంటాయి" అని బట్టీ పట్టింది. గీసినవాళ్ళు కూడా గూగుల్ ఎర్త్‌లో బాగా తెలిసే తోటలే ఏరుకుని గీశారు. కలగలుపు తోటలు ఆ పరీక్షలోకే రాలేదు. ప్రశ్నపత్రంలో కష్టమైన ప్రశ్నలు తీసేశాక మార్కులెందుకు రావు?

ఈసారి తోటల వారీగా విడదీశాను. ఒక తోట నేర్పించడానికైతే మొత్తం నేర్పించడానికే, పరీక్షకైతే మొత్తం పరీక్షకే. కవిటి వైపు నేర్పించి సోంపేట వైపు పరీక్షించాను, మళ్ళీ తిరగేశాను. మేం కాళ్ళతో తిరిగి రాసుకున్న పాయింట్లు విడిగా దాచి ఆఖర్న పెట్టాను. 70 కిందికి పడింది. కొబ్బరి, జీడి రెండే చూస్తే నాణెం ఎగరేసినదాని కన్నా కొంచెం నయం.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు తేలిగ్గా అనిపించింది. తోటల్లో మూడు రోజులు చూసింది, కంప్యూటర్లో కనబడింది మొదటిసారి ఒకటయ్యాయి.

పేర్లు మార్చాక

తరగతులు తిరగరాశాను. ఈసారి ఆ పెద్దాయన మాటే పట్టుకున్నాను. "తోట" అని ఒక తరగతి, అంటే కలగలుపు. దానికి రెండు పక్కలా, దాదాపు కొబ్బరే ఉన్నది ఒకటి, దాదాపు జీడే ఉన్నది ఒకటి. కొండ వాలు వైపు, మందస దగ్గర, జీడి ఒక్కటే పెద్ద చెక్కలుగా ఉంది కాబట్టి ఆ తరగతికి నిజంగానే అర్థం ఉంది. ఇంకా అనుమానమున్న చోటికి పేరు పెట్టకుండా బూడిద రంగు వేశాను.

కలగలుపు లోపల ఎంత కొబ్బరి, ఎంత జీడి అని విడదీయడానికి అన్‌మిక్సింగ్ కూడా ప్రయత్నించాను. పిక్సెల్‌ని మూడు పాళ్ళుగా, పచ్చాకు, ఎండుటాకు, ఇసుక అని విడదీస్తే చక్కగా వచ్చింది. పచ్చాకుని మళ్ళీ కొబ్బరి వాటా, జీడి వాటా అని చీలుద్దామంటే మాత్రం లొంగలేదు. రెండు పచ్చదనాలూ మరీ దగ్గర. జనవరిలో జీడికి వచ్చే ఎర్రటి లేత చిగురు వల్ల 550 నానోమీటర్ల దగ్గరుండే పచ్చ గుట్ట కాస్త కుంగుతుంది. చిగురు బాగా వేసిన తోటల్లో అది కనబడింది. కానీ ఒక ఊళ్ళో చిగురుంటే పక్క ఊళ్ళో అప్పటికే పూత. దాన్ని నమ్ముకుని జిల్లా మ్యాపు చెయ్యలేం. ఇసుక వాటా మాత్రం అనుకోకుండా పనికొచ్చింది. తిత్లీ తర్వాత తిరిగి నాటిన లేత తోటలు ఇసుక ఎక్కువున్న తోటలుగా విడిగా తేలాయి. అది మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమే అదనపు పొరగా ఇచ్చాం.

రెండొందల బ్యాండుల ఖర్చు ఎక్కడ గిట్టుబాటైందంటే సరుగుడులో. తీరం వెంట సరుగుడూ, దాని వెనక జీడీ సెంటినెల్‌లో కలిసిపోతాయి. ప్రిస్మాలో కలవలేదు. సరుగుడు తోట కింద పుల్లల్లాంటి ఎండుటాకు మందంగా పేరుకుని ఉంటుంది. ఎండిన పీచుకి 2100 నానోమీటర్ల దగ్గర ఒక గుంట పడుతుంది. 2000 దగ్గరా 2200 దగ్గరా విలువలు తీసి, సగటు చేసి, అందులోంచి 2100 దగ్గరి విలువ తీసేస్తే ఆ గుంట లోతు చేతికొస్తుంది. సెంటినెల్‌కి ఆ ప్రాంతమంతా ఒకటే వెడల్పాటి బ్యాండు, అందులో ఆ గుంట కప్పబడిపోతుంది. కోసిన వరి పొలాల్లో దుబ్బులకి కూడా అదే గుంట ఉంటుంది, నిజమే. కానీ వాటికి పచ్చదనం లేదు. పచ్చదనమూ గుంటా రెండూ కలిసి ఉన్నది సరుగుడే.

మరి జీడి కింద ఆకు రాలదా? అదే ఆ పెద్దాయన్ని ఫోన్‌లో అడిగాను.

"రాలతాది. గింజ రాలకముందే తుడిసీస్తాం బాబూ. ఆకుల్లో గింజెక్కడ ఎతుకుతాం?"

ఒక్క మాటతో తేలిపోయింది. ఈ ముక్క ఏ పేపర్లోనూ నాకు తగల్లేదు.

పెసర, మినుము చేలకి మాత్రం ప్రిస్మా అనవసరం. వరి కోతల వేళ చల్లే అపరాలు జనవరిలో పచ్చబడి మార్చికల్లా ఎండిపోతాయి. సెంటినెల్ చిత్రాలు నెలనెలా ఒకటి పెట్టుకుంటే ఆ ఎక్కడం దిగడం చూసి చెప్పేయొచ్చు. ఒకే రోజు తీసిన 240 బ్యాండుల కన్నా నాలుగు నెలల్లో తీసిన ఆరు చిత్రాలు మెరుగు. చివరి మ్యాపులో రెండూ కలిపాను. ప్రిస్మా ఎంఎన్‌ఎఫ్ భాగాలు, పీచు గుంట లోతు, సెంటినెల్ కాల వరస, అన్నీ కలిపి రాండమ్ ఫారెస్ట్ అనే ఇంకో ఆల్గారిథమ్‌కి ఇచ్చాను. తోటల వారీ పరీక్షలో 80 దాటింది. దాటించింది ఎక్కువగా పేర్ల మార్పే, ఆల్గారిథమ్ మార్పు కాదు.

బీల దగ్గర ఆగాల్సి వచ్చింది

మొదటి ఎనిమిది తరగతుల్లో బీల, అంటే చిత్తడి నేల, లేదు. సోంపేట బీల మొదటి మ్యాపులో కొంత నీళ్ళుగా, కొంత వరి పొలంగా, అంచుల్లో అపరాలుగా ముక్కలైపోయింది. నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. తోడున్న కుర్రాడు సోంపేట వాడు. ప్రింటు చూసి "సార్, బీల ఏదీ?" అన్నాడు.

2010లో థర్మల్ ప్లాంటు వద్దని ఆ ఊళ్ళవాళ్ళు పోరాడింది ఆ బీల కోసమే. అది పనికిరాని నేల కాదు, చిత్తడి నేల అన్నదే ఆ గొడవలో అసలు వాదన. జులైలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. అదే నెలలో పర్యావరణ అనుమతి రద్దయింది. అలాంటి చోటుని నా మ్యాపు మూడు ముక్కలు చేసి ఒక ముక్కని పొలం అంది. మ్యాపులో లేని పేరు కాగితాల్లో ఎలా లేకుండా పోతుందో ఆ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

బీలని స్పెక్ట్రమ్‌తో ఒకే తరగతిగా పట్టడం కష్టం. ఒక మూల నీరు, ఒక మూల తుంగ, ఒక మూల గేదెలు తొక్కిన బురద. నీరున్న చోట 1000 నానోమీటర్లు దాటాక వెలుగు దాదాపు సున్నా. తుంగలో ఆకు పచ్చదనం ఉంటుంది, దాని కింది నీరు మొత్తం స్పెక్ట్రమ్‌ని కిందికి లాగుతుంది. ఈ "పచ్చగా ఉంది, కానీ కుంగి ఉంది" అన్న గుర్తుతో తుంగ బాగానే విడిపోయింది. అయితే జనవరిలో కనబడే నీటి అంచు బీల అంచు కాదు. వానాకాలంలో అది ఎంత దూరం పరుచుకుంటుందో మబ్బు వల్ల మన చిత్రాలు చూడలేవు. మబ్బులోంచి చూడగలిగే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు సెప్టెంబరువి తీసుకుని, అప్పుడు నీరున్న జాగా, జనవరిలో తుంగా బురదా ఉన్న జాగా కలిపి బీల హద్దు గీశాను. కుర్రాడు దాన్ని తీసుకెళ్ళి ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి చూపించాడు. దక్షిణం వైపు ఒక చోట ఎక్కువ గీశామన్నారు. అక్కడ రాడార్‌కి నీరుగా కనబడింది వరి మడుల్లో నిలిచిన నీరే. సరిచేశాను.

ఇచ్చాక

చివరి మ్యాపుతో పాటు ఒక పేజీ నోట్ పెట్టాను. మొదట చెప్పిన 90 ఎలా వచ్చిందో, అది ఎందుకు చెల్లదో అందులో రాశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఏ తరగతి ఏ తరగతితో కలిసిపోతోందో పట్టిక ఇచ్చాను. పాయింట్లన్నీ ఏ తోటలో, ఏ రోజు, ఎవరు చూసి రాశారో కాలమ్ పెట్టాను. మళ్ళీ చేసేవాళ్ళెవరైనా ఉంటే మార్చి నెలాఖరు చిత్రం తీసుకోవడం మంచిది. అప్పటికి అపరాలు ఎండిపోతాయి, జీడి కాపు మీద ఉంటుంది, కొబ్బరి మామూలుగానే ఉంటుంది. 2022లో వచ్చిన జర్మనీ వాళ్ళ ఎన్‌మ్యాప్ చిత్రం దొరికితే ఇంకా మంచిది, దాని గోల తక్కువ. దానిలోనూ పిక్సెల్ మాత్రం 30 మీటర్లే, అదే 22 సెంట్లు.

వారం తర్వాత సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. మ్యాపు బాగుందన్నారు. కాకపోతే ఆ బూడిద రంగు చూడ్డానికి బాలేదట, దాన్ని కొబ్బరిలో కలిపేసి పంపగలరా అని అడిగారు.

కవిటి తోటలో తీసిన ఫొటో, దాని కింద ఆ చెట్ల లెక్క, 13 కొబ్బరి, నాలుగు జీడి, ఒక పనస, రెండు మునగ, కంద, పసుపు, ఇసుక, అంతా టైప్ చేసి మెయిల్ పెట్టాను. ఇందులో ఏది ఎందులో కలపాలో చెప్పమన్నాను. ఇంకా జవాబు రాలేదు. ఫైల్లో బూడిద రంగు అలాగే ఉంది.